‘క్లాసిక్’ వేఱు, ‘క్లాసికల్’ వేఱు

గడచిన ఉగాది ఉత్సవమునకు ముందు మా ఊరి తెలుగువారి కార్యవర్గము ఆహ్వానపత్రిక చిత్తుప్రతిని మాకు పంపెను. ముప్పదియెనిమిదేండ్లు కచేరిలో చిత్తుప్రతులు దిద్ది, శుద్ధప్రతులు వ్రాసి, విశ్రాంతి గైకొన్న గుమాస్తాకు ఇట్టి పని అప్పగించుట లోకమర్యాద. తెలుగు భాగమున రెండు అచ్చుతప్పులు దిద్దితిమి. ఆంగ్లభాగమున మూడవ పంక్తికి వచ్చుసరికి కలము ఆగినది. ‘అవర్ క్లాసిక్ లాంగ్వేజి తెలుగు’ అని అందుండెను. ‘క్లాసిక్’ అను మాటను కొట్టివేసి, పైన ‘క్లాసికల్’ అని వ్రాసి పంపితిమి.

మఱునాటి సమావేశమున అదియే వినోదమైనది. పెద్దలొకరు నవ్వుచు, “ఏమండీ, రెండూ ఒకటే కదా! చివర రెండక్షరాలు ఉంటేనేం, లేకుంటేనేం?” అనిరి. మఱియొకరు, “వారికింకా ఆఫీసు వాసన పోలేదండీ” అని చమత్కరించిరి. తుదకు పత్రిక ‘క్లాసిక్’ తోడనే అచ్చుపడెను. వేదికమీది గుడ్డపై మాత్రము ‘క్లాసికల్’ అనియు, దాని క్రింద తెలుగున ‘ప్రాచీన భాష’ అనియు వెలసినది. ఒకే సభలో ఒకే భాషకు మూడు బిరుదములు! ఆ మూడింటికి మూడర్థములు గలవని చెప్పుటకు కార్యక్రమ పట్టికలో తావు లేకపోయెను.

ఆనాడు సభామర్యాదకై ఊరకుంటిమి. ఊరకుండుట తప్పని పిమ్మట తోచినది. ఈ భేదము ఆంగ్ల వ్యాకరణమునకు చెందిన చిన్న ముచ్చట గాదు. తరతరములుగ పరరాష్ట్రములలో కాపురముండి, ఇంట ఒక భాషయు, వీధిలో వేఱొక భాషయు మాటలాడు మన కుటుంబములలో తెలుగు నిలుచునా, పటమై గోడకెక్కునా యను ప్రశ్న ఈ రెండు మాటల నడుమ దాగియున్నది. కావుననే సభలో చెప్పనేరనిది ఈ సంచికలో చెప్పుచున్నాము. చదువరులు కోపగింపక తుదివఱకు చదువ ప్రార్థన.

మేము చదివినది మెట్రిక్కు వఱకే. ఆంగ్లమున పాండిత్యము గలదని చెప్పుకొన సాహసింపము. కాని మాటను తూచి వాడుట గుమాస్తాకు ఉద్యోగధర్మము. ఉద్యోగమున చేరిన తొలియేట ఒక వితంతువు పెట్టుకొన్న సహాయపు దరఖాస్తుపై నోటు వ్రాయుచు, ఆమె ‘ఎకనామికల్ కండిషను’ పరిశీలింపదగినదని వ్రాసితిమి. పై అధికారి ఆ మాట క్రింద ఎఱ్ఱసిరాతో రెండు గీతలు గీచి, మమ్ము పిలిచి, “ఆమె పొదుపరి అని సాయం చెయ్యాలా, పేదరాలు అని చెయ్యాలా?” అని అడిగిరి. ‘ఎకనామిక్’ అనగా ఆర్థికమైనది. ‘ఎకనామికల్’ అనగా పొదుపైనది. ఫైలు వెనుకకు వచ్చెను. తిరుగ వ్రాసి, తిరుగ పంపి, సంతకము పడుసరికి వారము గడచెను. ఆ వారములో ఆ తల్లి రెండుమార్లు పల్లెనుండి వచ్చి, మా బల్లముందు నిలిచి, వట్టిచేతులతో వెడలిపోయెను. రెండక్షరముల పొరపాటు వ్రాసినవానిది. దాని బరువు మోసినది ఆమె.

ఇట్టి జంటలు ఆంగ్లమున మఱికొన్ని గలవు. ‘హిస్టారికల్’ అనగా చరిత్రకు సంబంధించినదెల్ల. ‘హిస్టారిక్’ అనగా చరిత్రలో నిలిచిపోవునంత గొప్పది. నూఱేండ్లనాటి పన్నురశీదు హిస్టారికల్ కాగితమే గాని హిస్టారిక్ గాదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. ఆదవాని, ఆలూరు, రాయదుర్గము అటు పోయినవి. మేము పుట్టి పెరిగిన బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. అది మా పెద్దలకు హిస్టారిక్ దినము. ఊరు కదలకయే, ఇల్లు మారకయే ఆ దినమున వారు ‘బయటి తెలుగువారు’ అయిరి.

ఇక మన మాటల మూలమునకు పోదము. ప్రాచీన రోమున ఆస్తిని బట్టి పౌరులను తరగతులుగ విభజించిరి. తొలి తరగతికి చెందినవానిని లాటిను భాషలో ‘క్లాసికస్’ అనిరి. సా.శ. 2వ శతాబ్దికి చెందిన ఔలస్ గెల్లియస్ అను లాటిను రచయిత గ్రంథమున ఆ మాట పన్నుల లెక్కనుండి వెలువడి రచయితలకు అన్వయింపబడినది. మొదటి తరగతి రచయిత, ప్రమాణముగ గైకొనదగినవాడు అని దాని భావము. గమనింపుడు: మాట పుట్టుకలో తరగతి యున్నది, వయస్సు లేదు. తరువాతి కాలమున ఐరోపా పాఠశాలలలో తొలి తరగతి రచయితలనగా గ్రీకు, లాటిను రచయితలే యను భావము స్థిరపడుటచే, ఆ మాటకు ఆ కాలపు వాసన అంటుకొనెను. పిదప ఆంగ్లమున ఒకే వేరునుండి రెండు కొమ్మలు సాగినవి.

‘క్లాసిక్’ అను కొమ్మ నాణ్యమును పట్టుకొన్నది. తన జాతిలో మేటియై, మఱల మఱల చూచినను చదివినను తఱుగని విలువ గలది క్లాసిక్. అది నిన్నటిదైనను కావచ్చును. ‘క్లాసికల్’ అను కొమ్మ సంప్రదాయమును పట్టుకొన్నది. ఒక పూర్వయుగమునకో, నియమబద్ధమైన ఒక పాత పద్ధతికో చెందినది క్లాసికల్. అది గొప్పదైనను కావచ్చును, సామాన్యమైనదైనను కావచ్చును. నాణ్యమును గూర్చి ఆ మాట సాక్ష్యము చెప్పదు.

ఉదాహరణమునకు దూరము పోనక్కఱలేదు. 1980లో విడుదలయైన ‘శంకరాభరణము’ చలనచిత్రమును మనలో చూడనివారు అరుదు. ఆ చిత్రము క్లాసిక్. అందలి కథకు ప్రాణమైన సంగీతము క్లాసికల్. ఈ రెండు మాటలను తాఱుమాఱు చేసి చూడుడు, అర్థము చెడిపోవును. 1957 నాటి ‘మాయాబజారు’ క్లాసిక్; దానిని క్లాసికల్ చిత్రమన్నవాడు నవ్వులపాలగును. కూచిపూడి క్లాసికల్ నృత్యము. ఆ నృత్యమును నిన్న మొన్న నేర్చిన బాలిక ఆడినను అది క్లాసికల్ నృత్యమే. ఆమె ఆట క్లాసిక్ అగునో కాదో కాలము చెప్పవలెను. న్యూటను నాటి భౌతికశాస్త్రమును క్లాసికల్ అందురు. కచేరిలో ఎవరైన మా ఎకనామికల్ వంటి పొరపాటు చేసినచో దానిని ‘క్లాసిక్ మిస్టేకు’ అందురు; ‘క్లాసికల్ మిస్టేకు’ అనరు.

మన వాఙ్మయమునకు ఈ కొలతను పట్టి చూతము. 11వ శతాబ్దిలో రాజమహేంద్రవరమున నన్నయభట్టు ఆరంభించిన మహాభారతము క్లాసికల్, క్లాసిక్ కూడ. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో తొలుత ప్రదర్శింపబడినది. వాడుకభాషలో నడచిన ఆ నాటకము ఏ కొలతను చూచినను క్లాసికల్ గాదు. అయినను దానిని మించిన క్లాసిక్ ఆధునిక తెలుగున చూపుట కష్టము. వేమన రాజాస్థాన కవి గాడు, ప్రౌఢకావ్యము వ్రాయలేదు. అతని పద్యము రైతు నోటను, బడిపిల్లవాని నోటను నిలిచినది. అది క్లాసిక్ గాక మఱేమి? ఇక లక్షణగ్రంథము చెప్పిన నియమములన్నియు పాటించి, అష్టాదశ వర్ణనలు నింపి, చదువువాడు లేక చెదలుపట్టిన కావ్యములు గ్రంథాలయములలో గలవు. అవి క్లాసికల్, క్లాసిక్ మాత్రము గావు.

“నిఘంటువులలోనే ఈ రెండు మాటలు కలిసి పోయి ఉన్నవి గదా” యని పండితులు ఆక్షేపింపవచ్చును. నిజమే. గ్రీకు లాటిను సాహిత్యమును బహువచనమున ‘క్లాసిక్స్’ అనుట నేటికిని గలదు. పూర్వపు ఆంగ్ల రచయితలు ఒకదాని స్థానమున మఱియొకటి వాడిరి. రెండు పొలముల నడిమి గట్టు అక్కడక్కడ తెగినంత మాత్రమున రెండు పొలములు ఒకటి గావు. తెలుగువారికి ‘మేము’, ‘మనము’ అను రెండు మాటలున్నవి. ఆంగ్లేయునకు ఆ రెండింటికి ఒక్కటే మాట. “రెండూ ఒకటే కదా” యని అతడు మనతో అన్నచో ఒప్పుకొందుమా? పెండ్లిపిలుపున ‘మేము భోజనమునకు కూర్చుందుము’ అనుటకు, ‘మనము భోజనమునకు కూర్చుందము’ అనుటకు ఎంత భేదమో అతిథికి తెలియును. ఒక భాషలోని సన్నని భేదము పరాయివానికి ఎల్లప్పుడు వ్యర్థముగనే కన్పట్టును. మనము ఆ పరాయివాని తప్పు చేయరాదు.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చుచున్నాము. భారత ప్రభుత్వము 2004లో తమిళమునకు, 2005లో సంస్కృతమునకు, 2008 అక్టోబరు 31వ తేదీన తెలుగు కన్నడములకు ఒకే దినమున, 2013లో మలయాళమునకు, 2014లో ఒడియాకు, 2024 అక్టోబరు 3వ తేదీన మరాఠీ, పాళీ, ప్రాకృత, అస్సామీ, వంగ భాషలకు ‘క్లాసికల్’ భాషా ప్రతిపత్తి నొసంగెను. మొత్తము పదునొకండు. మనలో బళ్లారివారి కన్నడము, హోసూరువారి తమిళము, బరంపురమువారి ఒడియా, సోలాపురమువారి మరాఠీ అన్నియు ఈ పట్టికలోనే యున్నవి. అనగా మన ఇరుగుపొరుగు భాషలన్నింటికిని ఆ శాలువ కప్పబడినది. దానిని మనము ఒక్కరమే కప్పుకొన్నట్లు సభలలో పలుకుట సత్యము గాదు, మర్యాద అంతకంటె గాదు.

ఆ ప్రతిపత్తికి పెట్టిన నియమములు ఏవి? 2004లో వేయియేండ్ల ప్రాచీనత చాలునన్నారు. 2005లో దానిని 1500 మొదలు 2000 యేండ్ల వఱకు పెంచిరి. తరతరముల వారు సంపదగ భావించిన పురాతన వాఙ్మయముండవలెనన్నారు. సాహిత్య సంప్రదాయము ఎరువు తెచ్చుకొన్నది గారాదన్నారు. ఈ నియమమును 2024లో తొలగించి, శాసనాధారములను, గద్యమును పేర్కొనిరి. మఱియొక నియమము గలదు. క్లాసికల్ రూపము నేటి రూపముకంటె భిన్నముగ నుండవచ్చుననియు, ఆ రూపమునకు తరువాతి రూపములకు నడుమ తెగుదల యైనను ఉండవచ్చుననియు దాని సారాంశము. ఈ తెగుదల మాటను చదువరులు జ్ఞాపకముంచుకొన ప్రార్థన. దానిని మఱల ఎత్తుకొందుము.

ఆ ఉత్తరువు వలన కలుగు ఫలములు ఏవి? పండితులకు ఏటేట రెండు అంతర్జాతీయ పురస్కారములు, అధ్యయనమునకు ఒక కేంద్రము, విశ్వవిద్యాలయములలో ఆచార్యపీఠములు. తెలుగు కేంద్రము తొలుత మైసూరున నెలకొని, పిమ్మట నెల్లూరునకు తరలినది. ఇవి కావలసినవే. 6వ శతాబ్ది నాటిదని చెప్పు కలమళ్ల శాసనమును, 10వ శతాబ్దిలో కన్నడ కవి పంపని తమ్ముడు జినవల్లభుడు సంస్కృత కన్నడ తెలుగు భాషలు మూడింటను చెక్కించిన కుర్క్యాల శాసనమును పరిశోధించువారికి అన్నము పెట్టవలసినదే. కాని ఆ ఉత్తరువులో ఎక్కడను ఒక పిల్లవానికి ‘అ ఆ’లు నేర్పవలెనని లేదు. ఏ రాష్ట్రమైనను తెలుగు ఉపాధ్యాయుని నియమింపవలెనని లేదు. క్లాసికల్ అను మాటయొక్క పరిధి అంతే. అది పూర్వమునకు పట్టిన హారతి. దానిని చూపి “మన భాషకు భయము లేదు” అనుకొనుట, తాతగారి సన్మానపత్రము చూపి మనుమనికి ఉద్యోగమడిగినట్లుండును.

పిల్లవాని మాట ఎత్తిన ఉత్తరువు వేఱొకటి గలదు. 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము అది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధించుటకు చాలిన వసతులు కల్పింప రాష్ట్రములు ప్రయత్నింపవలెనని అది చెప్పుచున్నది. మన సభలలో 2008 నాటి ఉత్తరువును గూర్చి ఉపన్యసించినవారు ఎందఱో గలరు. ఈ అధికరణమును పేర్కొని ఒక అర్జీయైనను వ్రాసినవారు ఎందఱు? అర్జీ వ్రాయుట గుమాస్తాకు తెలిసిన విద్య గాన ఈ మాట అడుగు అధికారము మాకు కలదనుకొందుము.

ఇక ‘ప్రాచీన భాష’ యన్న తెలుగుసేత సంగతి. మన పొరుగువారు క్లాసికల్ అను మాటను ఎట్లు తెచ్చుకొనిరో చూడుడు. తమిళులు ‘సెమ్మొళి’ యనిరి. తీరైన, సంస్కారము గల భాష యని దాని భావము. మలయాళీలు ‘శ్రేష్ఠభాష’ యనిరి. మరాఠీవారు ‘అభిజాత’ మనిరి. కన్నడిగులు, ఒడియావారు ‘శాస్త్రీయ’ మనిరి. అందఱును గుణమును చెప్పు మాటనే ఏరుకొనిరి. మనవారిలో కొందఱు ‘విశిష్ట భాష’ యన్నను, సభలలోను పత్రికలలోను నిలిచిన మాట ‘ప్రాచీన’ మే. అనగా పాతది. ఆంగ్లమాటలో మొదట లేని వయస్సును తెచ్చి, ఉన్న తరగతిని తీసివేసితిమి. పాతదనము గౌరవమునకు ఒక కారణము కావచ్చును. అదియే గౌరవము గాదు. ఇంటిలోని పాత రోలు ప్రాచీనమే. అందు రుబ్బుట మానినప్పుడు అది పెరటికి చేరును.

‘ప్రాచీన’ మన్న మాట ఇంకొక కీడు చేసినది. భాషలకు వయస్సు పోటీ పెట్టినది. ఎవరి శాసనము ముందు, ఎవరి కవి ముందు అని తగవులు పుట్టినవి. ఈ ప్రతిపత్తిపై మద్రాసు హైకోర్టున వ్యాజ్యములు నడచి 2016లో గాని ముగియలేదు. పగలెల్ల కన్నడిగుల నడుమను, తమిళుల నడుమను కూర్చుండి అన్నము తిను మనకు ఈ తగవు తగునా? జినవల్లభుడు ఒకే బండపై మూడు భాషలు చెక్కించెను. అతనికి లేని తగవు మనకేల?

చదువరులారా, తెగుదల మాట జ్ఞాపకమున్నదా? క్లాసికల్ రూపమునకు నేటి రూపమునకు నడుమ తెగుదల ఉండవచ్చునని నియమము చెప్పుచున్నదంటిమి. ఉగాదినాడు ఆ తెగుదలను కన్నులార చూచితిమి. మా మనుమరాలు తొమ్మిదేండ్ల పిల్ల. వేదికమీది గుడ్డను చూపి మా చెవిలో, “తాతయ్యా, పైన క్లాసికల్ అని ఉంది. కింద ఏం రాశారు?” అని అడిగెను. ‘ప్రాచీన భాష’ యని చదివి చెప్పితిమి. “అంటే?” అనెను. “చాలా పాత భాష, అమ్మా” అంటిమి. “అందుకేనా మనం చదవం?” అనెను.

మా నోట మాట రాలేదు. ఆ పిల్ల ఆంగ్లము చదువును, కన్నడము చక్కగ చదువును, హిందీ కూడబలుకుకొని చదువును. తెలుగు మాటలాడును గాని అక్షరము ఎఱుగదు. తప్పు ఎవరిది? బడిదనుట సులభము. కాని మాకు ఉద్యోగవిరమణ యైన నాటినుండి సాయంకాలములన్నియు తీరికయే. వార్తాపత్రిక ముందు గడపిన ఆ సాయంకాలములలో రోజుకొక అక్షరము నేర్పినను ఆమె నేటికి శతకము చదివియుండును. మేము నేర్పలేదు. నేర్పక, తెలుగు గొప్పతనమును గూర్చిన సభలకు చేయిపట్టుకొని తీసికొనిపోతిమి. లాటిను భాషకు ఐరోపాలో ఏది పట్టినదో అది మన యిండ్లలో తెలుగునకు పట్టుచున్నది. శుభలేఖలపై ఉండును, సభాస్తుతులలో ఉండును. పిల్లల చేతివ్రాతలో ఉండదు. మన యిండ్లలో తెలుగు నిజముగనే క్లాసికల్ భాష యగుచున్నది! బిరుదము ఇట్లు సార్థకమగునని 2008లో ఎవరనుకొనిరి?

“బడిలో తెలుగు లేదు, మేమేమి చేయగలము?” అని కొందఱందురు. కన్నడనాట కన్నడమును, తమిళనాట తమిళమును పిల్లలు నేర్వవలెను, అది న్యాయమే. ఏ నేల నీరు త్రాగుచున్నామో ఆ నేల భాష రాకున్న మనకే సిగ్గు. కాని ఒక భాష నేర్చుటకు మఱియొకటి మఱవనక్కఱలేదు. యానామువారి అదృష్టము మనకు లేదు. అచ్చట తెలుగు బడిలోను కచేరిలోను గలదు. మిగిలినవారికి ఇల్లే బడి.

ప్రభుత్వము లేకయే భాష ఎట్లు నిలుచునో చూపు సాక్ష్యము మన పరరాష్ట్రములలోనే యున్నది. త్యాగరాజస్వామి కావేరీతీరమున తిరువైయారున నివసించి 1847లో సిద్ధిపొందిరి. ఏటేట పుష్య బహుళ పంచమినాడు అచ్చట గాయకులు కూడి పంచరత్నకీర్తనలు పాడుదురు. ఆ అయిదింటిలో నాలుగు తెలుగు. పాడువారిలో పెక్కురకు తెలుగు మాతృభాష గాదు. కొందఱు తమ లిపిలో వ్రాసికొని, అర్థమడిగి తెలిసికొని, పలుకు చెడకుండ పాడుదురు. వారిచేత ఆ పని చేయించినది ఏ ఉత్తరువు? ఏదియు లేదు. ఆ కృతులు క్లాసికల్ సంగీతమని చరిత్రకారులందురు. అవి క్లాసిక్ అని ఆ గాయకులు తమ సాధనచే చెప్పుచున్నారు. శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’ను రచించినప్పుడు ఆయన రాజధాని మా హంపి, అందలి గోదాదేవి కథ జరిగినది తమిళనాటి శ్రీవిల్లిపుత్తూరున. తెలుగు మహాకావ్యమొకటి నేటి రెండు తెలుగురాష్ట్రముల వెలుపల పుట్టి, వెలుపలి కథనే చెప్పినది. కావున తెలుగును క్లాసిక్‌గ నిలుపుట బయటివారికి చేతగాదనుట చరిత్ర యొప్పని మాట.

మేము చెప్పదలచినది ఇంతే. క్లాసికల్ అను ప్రతిపత్తి ప్రభుత్వము ఒక కాగితముపై ఈయగలదు, ఇచ్చినది. క్లాసిక్ అను స్థానము చదువరి ఈయవలెను. తిరిగి తిరిగి చదివి, పాడి, పిల్లలకు చెప్పి ఈయవలెను. మొదటిదానిని పొంది పదునేడేండ్లు దాటినది. రెండవదానిని మన యిండ్లలో ప్రతితరము మఱల సంపాదింపవలసియున్నది. రెండు మాటలు ఒకటే యన్నవారు తెలిసియో తెలియకయో, మొదటిది చేతికి వచ్చినది గాన రెండవదానికై శ్రమపడనక్కఱలేదని చెప్పుచున్నారు. మా విరోధమంతయు ఆ మాటతోనే.

కార్యవర్గములలోని పెద్దలకు మూడు మనవులు. వచ్చు ఉత్సవమున ఆంగ్లమున వ్రాసినచో ‘క్లాసికల్ లాంగ్వేజి’ యని సరిగ వ్రాయింపుడు. తెలుగున ‘ప్రాచీన’ మను మాట మాని ‘విశిష్ట’ మనియో ‘శ్రేష్ఠ’ మనియో వ్రాయింపుడు. శాలువలకు, పూలదండలకు అగు వ్యయములో సగము తీసి, ఆదివారము ఒక గంట అక్షరములు నేర్పువారికి ఇండు.

మా వంతు మేము ఆరంభించితిమి. 19వ శతాబ్దిలో మద్రాసున పుట్టి, తరతరములకు అక్షరభిక్ష పెట్టిన ‘పెద్దబాలశిక్ష’ ప్రతి యొకటి కొని తెచ్చితిమి. ఆదివారము పదిగంటలకు మా వసారాలో చాప పఱచుచున్నాము. మనుమరాలితో కలిసి నలుగురు పిల్లలు వచ్చుచున్నారు. గుణింతములు అయినవి, ఒత్తులు నడచుచున్నవి. ‘ప్ర’ వ్రాయుట మొన్ననే నేర్చినది. ఊరిలోని తెలుగువారు తమ పిల్లలను పంపినచో చాపలు ఇంకను గలవు. పలకలు మాత్రము వారే తెచ్చుకొన ప్రార్థన.